పాత విండోస్‌కు కొత్త గుడి

మూఢనమ్మకానికి దేవుడు తప్పనిసరి కాదు. ఒక మాటను పరీక్షించకుండా నమ్మడం, ఆ మాటను ప్రశ్నించినవాడి మీద కోపం తెచ్చుకోవడం, ఈ రెండూ ఉంటే చాలు. మన హేతువాదులు బాబాల విషయంలో ఈ రెండింటినీ వెంటనే పట్టేస్తారు. కంప్యూటర్ విషయానికి వచ్చేసరికి మనవాళ్ళలో చాలామంది అమ్మేవాడి మాటకు చేతులు కట్టుకుని నిలబడతారు. ఈ వ్యాసం దాని గురించే.

నేను ఉంటున్నది సూరత్ నగరంలోని కోసాడ్‌లో. సూరత్ నుంచి అహ్మదాబాద్ వైపు వెళ్ళే రైల్లో తాపీ నది దాటాక ఉత్రాణ్, దాని తరువాత కోసాడ్. సూరత్‌లో తెలుగువాళ్ళు ఎందుకున్నారో చాలామంది పాఠకులకు తెలిసే ఉంటుంది. తెలంగాణలో చేనేత చితికిపోయినప్పుడు పద్మశాలీ కుటుంబాలు భీవండికి, షోలాపూర్‌కు, సూరత్‌కు సాంచాల పని వెతుక్కుంటూ వచ్చాయి. తాతలు సాంచాలు నడిపారు. మనవళ్ళలో కొందరు ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని చీరల అంచులకు, డ్రెస్ మెటీరియల్‌కు ఎంబ్రాయిడరీ డిజైన్లు గీస్తున్నారు. వాళ్ళు తయారుచేసిన ఫైలును మిషన్‌లో పెడితే మిషన్ కుట్టుకుంటూ పోతుంది.

ఈ డిజైన్ గదుల్లో చాలాచోట్ల ఒక మూల పాత కంప్యూటర్ ఉంటుంది. అందులో విండోస్ ఎక్స్‌పీ. వెనక ఒక డాంగిల్, అంటే అది తగిలించి ఉంటేనే ప్రోగ్రామ్ తెరుచుకునే తాళం. మానిటర్ పైన నిమ్మకాయ, మిరపకాయలు. దసరాకు కీబోర్డుకు బొట్టు పెడతారు. ఆ నిమ్మకాయను చూసి నవ్వడం సులువు. దాని వల్ల పెద్ద నష్టం కూడా లేదు, వారానికో నిమ్మకాయ ఖర్చు. నష్టం చేస్తున్నవి అంతకంటే మర్యాదస్తులు చెప్పే మాటలు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. అప్పటినుంచి దుకాణాల్లో కొత్త లాప్‌టాప్‌ల గురించి ఒక ఉపన్యాసం మొదలైంది. "పాతది పారేయండి, ఇది తీసుకోండి. మీ పాత సాఫ్ట్‌వేర్ గురించి బెంగ వద్దు. లోపల వర్చువల్ మెషీన్ పెట్టి ఎక్స్‌పీ వేసి ఇస్తాం. కొత్త లాప్‌టాప్ మీద ఏదైనా నడుస్తుంది." దీనికి ఎదురుగా డిజైన్ గదిలో పెద్దమనిషి చెప్పే ఉపన్యాసం ఇంకొకటి. "నడుస్తున్నదాన్ని కదిలించకూడదు. ముట్టుకుంటే పోతుంది." ఒకటి కొత్తదానికి భజన, రెండోది పాతదానికి పూజ. రెండింటిలోనూ లేనిది పరీక్ష.

ముందు ఇది ఏమిటో చూద్దాం

వర్చువల్ మెషీన్ మాయ కాదు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తన కింద నిజమైన యంత్రం ఉందనుకుంటుంది. నిజానికి దాని కింద ఉన్నది మరో ప్రోగ్రామ్ చూపించే యంత్రం. ఆ ప్రోగ్రామ్ "ఇదిగో నీ డిస్కు" అని ఒక ఫైలును చూపిస్తుంది, "ఇదిగో నీ మెమొరీ" అని లాప్‌టాప్ మెమొరీలో ఒక భాగాన్ని ఇస్తుంది. లోపలి సిస్టమ్ ఇచ్చే ఆదేశాలలో ఎక్కువ భాగం నేరుగా అసలు ప్రాసెసర్ మీదే నడుస్తాయి. యంత్రం మొత్తాన్ని తన చేతిలోకి తీసుకునే ఆదేశాలను మాత్రం పై ప్రోగ్రామ్ మధ్యలో పట్టుకుని తానే నెరవేరుస్తుంది. అందుకే వేగం పెద్దగా తగ్గదు. ఈ "నేరుగా" అన్న మాట గుర్తుంచుకోండి, కథంతా అక్కడే ఉంది.

ఇది కొత్త విద్య కూడా కాదు. ఐబీఎం 1972లోనే తన పెద్ద కంప్యూటర్ల కోసం వీఎం/370ని ప్రకటించింది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ ఒక పరిశోధనా పత్రంలో మూడు షరతులు పెట్టారు. లోపల నడిచే ప్రోగ్రామ్ బయట నడిచినట్టే నడవాలి. యంత్రం మీద అదుపు పై ప్రోగ్రామ్‌దే కావాలి. ఆదేశాలలో అత్యధిక భాగం అసలు ప్రాసెసర్ మీదే నేరుగా నడవాలి. ఇంటెల్ పాత ప్రాసెసర్లు ఈ షరతులకు లొంగేవి కావు. అయినా వీఎంవేర్ 1999లో కొన్ని ఆదేశాలను అప్పటికప్పుడు మార్చి నడిపే ఉపాయంతో మామూలు పీసీ మీద ఈ పని చేసి చూపించింది. ఇంటెల్ 2005లో, ఏఎండీ 2006లో ప్రాసెసర్‌లోనే ఇందుకు సదుపాయం పెట్టాయి. మనకు ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ 2007లో వచ్చింది.

హేతువాదికి ఇంతకంటే ఏం కావాలి? నిర్వచనం ఉంది, షరతులు ఉన్నాయి, నెరవేరాయో లేదో చూసే వీలుంది. అలాంటి దాన్ని కూడా మనవాళ్ళు మహిమగానే తీసుకుంటున్నారు. ఇక వాదనలు ఒక్కొక్కటీ చూద్దాం.

వాదన 1: "కొత్త లాప్‌టాప్ అయితే ఏదైనా నడుస్తుంది"

శుద్ధ అబద్ధం. లాప్‌టాప్ ఎంత కొత్తది అన్నది ప్రశ్న కాదు. దాని ప్రాసెసర్ ఏ జాతిది అన్నది ప్రశ్న. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు ఒక భాష మాట్లాడతాయి. ఆర్మ్ ప్రాసెసర్లు ఇంకో భాష మాట్లాడతాయి. మన ఫోన్లలో ఉన్నవి ఆర్మ్. 2020 నవంబర్‌లో ఆపిల్ ఎం1తో తన లాప్‌టాప్‌లను ఆర్మ్ వైపు మళ్ళించింది. 2024 జూన్ నుంచి క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్లతో విండోస్ లాప్‌టాప్‌లు కూడా ఆర్మ్ మీద వచ్చాయి. ఇవి చెడ్డ యంత్రాలు కావు. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వేడి తక్కువ. వీటి మీద ఆర్మ్ కోసం తయారైన లినక్స్‌ను వర్చువల్ మెషీన్‌లో నడిపితే చక్కగా, వేగంగా నడుస్తుంది.

కానీ మన డిజైన్ గదిలో ఉన్న ఎక్స్‌పీ ఇంటెల్ భాషలో రాసింది. ఆర్మ్ ప్రాసెసర్ ఆ ఆదేశాలను నేరుగా నడపలేదు. "నేరుగా" పోయింది. ఇక మిగిలింది ప్రతి ఆదేశాన్నీ అనువాదం చేసి నడపడం. దీన్ని ఎమ్యులేషన్ అంటారు. 2003లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన క్యూఈఎంయూ లాంటివి ఈ పని చేస్తాయి. పని అవుతుంది, కానీ దుబాసీని మధ్యన పెట్టుకుని సంసారం చేసినట్టే ఉంటుంది. దుకాణదారుడు వర్చువల్ మెషీన్‌కూ ఎమ్యులేషన్‌కూ తేడా చెప్పడు. చాలాసార్లు అతనికే తెలియదు.

"మరి ఆర్మ్ కోసం విండోస్ 11 ఉంది కదా, అందులో పాత ప్రోగ్రామ్‌లు నడుస్తాయి కదా" అంటారు. నిజమే, అది మామూలు ప్రోగ్రామ్‌లను అనువాదం చేసి నడుపుతుంది. డ్రైవర్లను మాత్రం అనువదించదు. డ్రైవర్ ఆర్మ్ కోసమే తయారై ఉండాలి. ఏళ్ళ కిందటి డాంగిల్‌కు ఆర్మ్ డ్రైవర్ ఎవరు రాస్తారు? అంటే ప్రోగ్రామ్ తెరుచుకోబోతుంది, తాళం కనపడలేదని ఆగిపోతుంది.

ఇది ఊహించి రాయడం లేదు. ఇక్కడ డిజైన్ పని చేసే మన తెలుగు కుర్రాడు ఒకడు వాయిదాల మీద అలాంటి లాప్‌టాప్ కొన్నాడు. నెల తిరగకుండా నా దగ్గరికి వచ్చాడు. "కాకా, అన్నీ నడుస్తయ్ అన్నడు దుకాణపాయన. ఇప్పుడేమో తాళం దొర్కుతలేదు అని వస్తాంది. వాపస్ తీసుకోమంటే సీల్ ఇప్పినంక తీసుకోం అంటున్నరు." ఆ కుర్రాడికి ఒక డిజైన్‌కు ఇంత అని లెక్క. లాప్‌టాప్ మూలన పడింది, వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాలి. పైగా ఎవరో "ముహూర్తం చూసి కొనాల్సింది" అన్నారట! ముహూర్తం కాదయ్యా, చూడాల్సింది పెట్టె మీద ప్రాసెసర్ పేరు.

వాదన 2: "నడుస్తున్నదాన్ని కదిలించకూడదు"

ఇది వినడానికి అనుభవజ్ఞుల మాటలా ఉంటుంది. నిజానికి ఇది భయం. హార్డ్ డిస్కు తిరిగే వస్తువు, అరుగుతుంది. మదర్‌బోర్డు మీద కెపాసిటర్లు ఉబ్బుతాయి. కదిలించకపోయినా అది ఒకరోజు పోతుంది. కదిలించకుండా కూర్చున్నవాడు ఆ రోజు డిజైన్లన్నీ పోగొట్టుకుంటాడు. గుండెనొప్పి వచ్చినవాణ్ణి కదిలించవద్దని, తాయెత్తు కట్టి పడుకోబెట్టడానికీ దీనికీ తేడా ఏముంది?

ఆ కుర్రాడి సంగతిలో మేం చేసింది ఇది. వాళ్ళ బంధువు దగ్గర ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న లాప్‌టాప్ ఉంటే తెప్పించాం. పాత కంప్యూటర్ డిస్కుకు పూర్తి నకలు తీశాం. అసలు డిస్కును ఇక ముట్టుకోలేదు. లాప్‌టాప్ బయాస్‌లో వర్చువలైజేషన్ ఆపి ఉంటే దాన్ని ఆన్ చేశాం. వర్చువల్‌బాక్స్‌లో ఆ నకలును డిస్కుగా పెట్టి నడిపితే మొదట నీలం తెర వచ్చింది. అక్కడ నిలబడి చూస్తున్న పెద్దాయన "చెప్పానా" అన్నాడు. డిస్కు కంట్రోలర్‌ను సాటా నుంచి ఐడీఈకి మార్చాం, ఎక్స్‌పీ తెరుచుకుంది. ఎక్స్‌పీ పుట్టిన కాలానికి సాటా డ్రైవర్ దానిలో లేదు, అంతే. శకునం ఏమీ లేదు.

తరువాత నత్తనడక. కింద వరుసలో చిన్న తాబేలు బొమ్మ కనిపించింది. విండోస్ 11 తన భద్రత కోసం ప్రాసెసర్‌లోని అదే సదుపాయాన్ని ముందే వాడుకుంటూ ఉంటే వర్చువల్‌బాక్స్ ఆ తాబేలును చూపిస్తుంది. మెమొరీ ఇంటెగ్రిటీ అనే ఏర్పాటును ఆపి మళ్ళీ బూట్ చేస్తే తాబేలు పోయింది. అది ఆపితే లాప్‌టాప్ భద్రత కొంత తగ్గుతుంది. ఆ సంగతి కుర్రాడికి చెప్పే ఆపాం. నిర్ణయం అతనిది.

ఇక అసలు పరీక్ష. యూఎస్‌బీ డాంగిల్‌ను లోపలి యంత్రానికి అప్పగించాం, ప్రోగ్రామ్ తెరుచుకుంది. అంతటితో చప్పట్లు కొట్టలేదు. పాత కంప్యూటర్ మీద, లోపలి యంత్రం మీద అవే పది డిజైన్లను తెరిచి, కుట్టు ఫైళ్ళుగా విడివిడిగా సేవ్ చేసి, రెండు జతలనూ బైటుకు బైటు పోల్చాం. తేడా లేదు. అప్పుడు ఒక గుడ్డ ముక్క మీద కుట్టించి చూశాం. ఆ తరువాతే "పనిచేస్తోంది" అన్నాం.

ఇది అందరికీ కుదురుతుందని నేను అనను. పాత ప్రింటర్ పోర్టుకు తగిలించే డాంగిల్ అయితే నేటి లాప్‌టాప్‌లకు ఆ పోర్టే లేదు, కన్వర్టర్ కేబుళ్ళతో సాధారణంగా పని జరగదు. కొన్ని ప్రోగ్రామ్‌లు తాము వర్చువల్ మెషీన్‌లో ఉన్నామని పసిగట్టి నడవడానికి నిరాకరిస్తాయి. ఇవన్నీ పరీక్షిస్తే తెలిసేవే. పైగా వర్చువల్ మెషీన్‌లో స్నాప్‌షాట్ అనే సదుపాయం ఉంది. ఇప్పుడున్న స్థితిని దాచుకుని, ఏదైనా మార్చి చూసి, చెడితే వెనక్కి రావచ్చు. భయం లేకుండా ప్రయోగం చేసుకునే వీలు ఇంత చవకగా ఇంకెక్కడ ఉంది?

వాదన 3: "లోపల పెట్టేశాం కాబట్టి ఇక భద్రం"

గుడి కట్టారు కాబట్టి దేవుడు కాపాడతాడు అన్నట్టుంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. వర్చువల్ మెషీన్‌లో పెట్టినంత మాత్రాన దాని కన్నాలు పూడవు. 2017 మేలో వాన్నక్రై విజృంభించినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎప్పుడో వదిలేసిన ఎక్స్‌పీకి కూడా ప్రత్యేకంగా ఒక మరమ్మతు విడుదల చేయాల్సి వచ్చింది. లోపలి యంత్రం గోడలు కూడా అభేద్యం కావు. 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. అది ఎక్కడుందో తెలుసా? క్యూఈఎంయూలో ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ భాగంలో! వాడని వస్తువే కదా అని వదిలేసిన చోటి నుంచి లోపలివాడు బయటికి రాగల దారి.

కాబట్టి లోపలి ఎక్స్‌పీకి ఇంటర్‌నెట్ తీసేయండి. లాప్‌టాప్ మొత్తం డిస్కును దానికి పంచకండి, ఒక్క ఫోల్డర్ చాలు. బజారులో పెన్‌డ్రైవ్‌లో "రెడీమేడ్ ఎక్స్‌పీ" అని అమ్ముతారు. అది ప్రసాదం కాదు, కళ్ళకు అద్దుకుని పుచ్చుకోవడానికి. లోపల ఎవరు ఏం పెట్టారో తెలియదు, లైసెన్సు కూడా ఉండదు. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు సాధారణంగా ఆ కంప్యూటర్‌కే చెల్లుతుంది, విడిగా కొన్నదైతే వేరు. ఇది కూడా చూసుకోవలసిన విషయమే.

ఇదంతా హేతువాదులకెందుకు?

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. "బాబాల మీద పోరాడక సాఫ్ట్‌వేర్ గొడవ ఏమిటి?" అని. రాజ్యాంగంలో 1976లో చేర్చిన 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అంటుంది. అది బాబాల దగ్గర మాత్రమే అని ఎక్కడా రాయలేదు. 1995 సెప్టెంబర్ 21న వినాయకుడు పాలు తాగాడన్నప్పుడు శాస్త్రవేత్తలు ఏం చేశారు? పాలలో రంగు కలిపి విగ్రహానికి పట్టి చూపించారు. తలతన్యత వల్ల పైకి లాగిన పాలు విగ్రహం మీదుగా కిందికి కారుతున్నట్టు అందరికీ కనిపించింది. "నా డాంగిల్ పెట్టి చూపించు, తరువాత డబ్బు ఇస్తాను" అనడం కూడా ఆ పద్ధతే. వాయిదాలు కట్టే ఆ కుర్రాడికి వినాయకుడి పాల కంటే ఈ ప్రశ్న ఎక్కువ అవసరం.

రెండో కారణం మన ఇంటిదే. మన సంఘాల పుస్తకాలు, పత్రికలు, కరపత్రాలు ఎందులో కూర్చాం? పేజ్‌మేకర్‌లో, అను లిపులతో. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఆ ఫైళ్ళలో ఉన్నది కంప్యూటర్ దృష్టిలో తెలుగు కాదు. లోపల ఉన్నవి వేరే గుర్తులు, వాటికి తెలుగు ఆకారాలు తొడిగారు. ఆ లిపి లేని యంత్రంలో తెరిస్తే పిచ్చి గీతలు. "మూఢనమ్మకం" అని వెతికితే దొరకదు. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991 నుంచీ ఉంది. ఎక్స్‌పీలోనే 2001లో గౌతమి అనే యూనికోడ్ తెలుగు లిపి కూడా వచ్చింది. అయినా అచ్చు పనికి అలవాటైన దారినే పోయాం.

ఇప్పుడు ఎవరైనా ఆ ఫైళ్ళ సంగతి అడిగితే "వర్చువల్ మెషీన్‌లో ఎక్స్‌పీ ఉంది, అందులో పేజ్‌మేకర్ ఉంది, ఇంకేం కావాలి" అంటున్నారు. నా అభ్యంతరం ఇక్కడే. వర్చువల్ మెషీన్ అంబులెన్సు లాంటిది. అందులో రోగిని ఆసుపత్రికి చేర్చాలి గాని కాపురం పెట్టకూడదు. లాప్‌టాప్‌లు ఆర్మ్ వైపు జరిగేకొద్దీ ఆ అంబులెన్సు వెళ్ళే దారులు తగ్గుతాయి. ఒక తరం పడ్డ శ్రమ చదవడానికి వీల్లేని గీతలుగా మిగిలితే, మనకు తాళపత్రాల వారసుల మీద విసుర్లు వేసే హక్కు ఏముంటుంది? తాళపత్రాన్ని కనీసం కంటితో చదవవచ్చు.

చేయాల్సిన పని పెద్దదేమీ కాదు. లోపలి యంత్రంలో ప్రతి ఫైలునూ తెరవండి. పుట ఎలా ఉందో అలా పీడీఎఫ్ తీయండి. పాఠాన్ని విడిగా తీసి యూనికోడ్‌లోకి మార్చండి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లు నెట్‌లో ఉన్నాయి. అవి ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తప్పులు చేస్తాయి, కాబట్టి మనిషి కూర్చుని దిద్దాలి. డిజైన్ గదిలోనూ ఇదే సూత్రం. కుట్టు ఫైలులో సూది ఎక్కడ దిగాలో మాత్రమే ఉంటుంది, గీసిన ఆకారం ఉండదు. మార్చుకోవడానికి వీలైన అసలు డిజైన్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే తెలుసు. తెరుచుకుంటున్న రోజుల్లోనే దాన్ని బయటికి తెచ్చుకోవాలి.

కొత్త లాప్‌టాప్ కొనేవాళ్ళు దుకాణంలో అడగవలసినవి ఇవి:

1. ప్రాసెసర్ ఇంటెలా, ఏఎండీనా, ఆర్మా?
2. మీరు పెట్టేది వర్చువల్ మెషీనా, ఎమ్యులేషనా?
3. నా డాంగిల్, నా ఫైలు తెచ్చాను. నా ఎదుట నడిపి చూపిస్తారా?
4. లోపల వేసే విండోస్‌కు లైసెన్సు ఎక్కడిది?
5. నడవకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాస్తారా?

అయిదింటిలో ఒక్కదానికి కూడా తిన్నగా జవాబు రాకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికి రండి. అమ్మేవాడికి కోపం వస్తే రానివ్వండి. బాబాలకు కూడా ప్రశ్నిస్తే కోపమే వస్తుంది.

ఇక సంఘాల బాధ్యులకు ఒక మాట. వచ్చే సమావేశం ఎజెండాలో ఒక్క అంశం చేర్చండి: మన దగ్గర ఎన్ని పేజ్‌మేకర్ ఫైళ్ళు ఉన్నాయి, ఎవరి ఇంట్లో, ఏ డిస్కులో. ముందు ఆ జాబితా రాయండి. మిగతా పనికి మనుషులు దొరుకుతారు. కోసాడ్ నుంచి ఇద్దరం సిద్ధంగా ఉన్నాం.